లోడర్ కోసం ట్రాక్టర్ మారుస్తున్నారా? హార్స్‌పవర్ కంటే ముందు యాక్సిల్ సంగతి చూడండి

ప్రశ్న: నమస్తే సార్. మాది నల్గొండ జిల్లా. తొమ్మిది ఎకరాల వ్యవసాయం. నాలుగున్నర ఎకరాల్లో వరి, మూడు ఎకరాల్లో బత్తాయి, మిగతాది పశుగ్రాసం. 14 పాడి గేదెలు ఉన్నాయి. 2006లో కొన్న 39 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కు నాలుగేళ్ల కింద పక్క టౌన్‌లోని వర్క్‌షాప్‌లో ముందు వైపు లోడర్ (బకెట్‌తో సరుకు ఎత్తే చేతులు) కట్టించాం. అప్పటి నుంచి ముందు యాక్సిల్, అంటే ముందు చక్రాలను మోసే ఇరుసు, రెండుసార్లు వంగింది. హబ్ బేరింగులు ఏటా మారుస్తున్నాం. పోయిన ఎండాకాలం క్లచ్ హౌసింగ్ దగ్గర చీలిక కనపడింది. ఇక బండి మార్చేద్దాం అనుకుంటున్నాం. షోరూంలో 55 హెచ్‌పీ తీసుకోండి, రెండు టన్నులు లేపుతుంది అంటున్నారు. మా అబ్బాయి ఫోర్ వీల్ డ్రైవ్ కావాలంటాడు. మా ఇంటావిడేమో అసలు లోడర్ ఎందుకు, ఏడాదికి రెండు రోజులు జేసీబీని పిలిస్తే సరిపోదా అంటుంది. కంపెనీ లోడర్ 3 లక్షల 40 వేలు, వర్క్‌షాప్ లోడర్ 1 లక్ష 90 వేలు చెప్పారు. పెంట ఎత్తడం, సైలేజ్ (గాలి తగలకుండా పాతరేసిన పచ్చిమేత) గుంతలోంచి తీయడం, దాణా బస్తాలు దించుకోవడం, వేసవిలో చెరువు మట్టి, ఇవీ లోడర్ పనులు. దమ్ము, రోటవేటర్, ట్రాలీ కూడా ఈ ఒక్క బండితోనే. ఏది కొనమంటారు?

సమాధానం: నమస్తే అండి. అసలు ప్రశ్న మీ ఇంటావిడ అడిగారు. అది తేలకుండా మిగతావాటి జోలికి పోవడం దండగ.

గేదె రోజుకు 15 కిలోల పేడ వేస్తుందనుకుంటే, 14 గేదెలకు రోజుకు 210 కిలోలు, ఏడాదికి 76 టన్నులు. కుప్పలో మాగి, తడి ఆరేసరికి అది దాదాపు సగం అవుతుంది. మూడు టన్నుల ట్రాలీ లెక్కన 13 ట్రాలీలు. జేసీబీకి ఇది ఒక్కరోజు పని కూడా కాదు. పెంట కోసమే అయితే మీ ఇంటావిడ మాటే రైటు, లక్షలు పెట్టి లోడర్ కొనక్కర్లేదు.

చెరువు మట్టి సంగతీ అంతే. మిషన్ కాకతీయ పనులు మీ జిల్లాలో చూసే ఉంటారు. చెరువులో పూడిక తవ్వి ఎత్తింది జేసీబీలు, పొక్లెయిన్లు. ట్రాక్టర్లు దాన్ని పొలాలకు తోలాయి, అంతే. ట్రాక్టర్‌కు కట్టే ముందు లోడర్ వదులుగా ఉన్న సరుకును ఎత్తడానికి పనికొస్తుంది గానీ, ఎండి బిగుసుకున్న మట్టిని తవ్వడానికి కాదు. బకెట్ పళ్లు మట్టిలో గుచ్చి, ఫస్ట్ గేర్‌లో బండిని తోస్తే ఆ దెబ్బ అంతా ముందు యాక్సిల్ మీదే పడుతుంది. మీ యాక్సిల్ రెండుసార్లు వంగింది చెరువులోనే అని నా అనుమానం. కొత్త బండి వచ్చాక కూడా ఆ పని ఒక్కటి జేసీబీకే వదిలేయండి.

మరి లోడర్ దేనికి? సైలేజ్‌కి. గేదెకు రోజుకు 20 కిలోలు వేసినా 280 కిలోలు. గుంతలోంచి తీసి, కొట్టం దాకా మోసి, గాడి పక్కన పోయడం మనుషులతో అయితే రోజూ ఇద్దరి పని. ఈ రోజుల్లో దానికి కూలీలు దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా. బకెట్‌తో అయితే అరగంటలో అయిపోతుంది. రోజుకు అరగంట అంటే ఏడాదికి 180 గంటల పైమాటే. ఈ అరగంట పనికి ఏ జేసీబీ వాడూ రోజూ మీ ఇంటికి రాడు. దీనికి దాణా బస్తాలు, కొట్టం కడిగే ముందు పేడ తోసుకోవడం కలుపుకుంటే లోడర్ ఖర్చుకు న్యాయం జరుగుతుంది. సైలేజ్ మానేసే ఆలోచన ఉంటే మాత్రం ఈ సమాధానం ఇక్కడే ఆపేసి, లోడర్ లేని బండి కొనుక్కోండి. ఏడాదికి వంద గంటలు కూడా వాడని లోడర్ ఇంటి ముందు తుప్పు పట్టడం తప్ప ఏమీ చేయదు.

సైలేజ్ మాట వచ్చింది కాబట్టి చిన్న జాగ్రత్త. బకెట్‌ను గుంతలోని మేత గోడలోకి గుచ్చి పైకి లేపితే లోపలి మేత వదులై గాలి చొరబడుతుంది, రెండు మూడు రోజుల్లో వేడెక్కి బూజు పడుతుంది. బకెట్ అంచుతో పైనుంచి కిందికి గీరి, కింద రాలిన దాన్నే ఎత్తుకోవాలి.

ఇక షోరూం వాళ్ల మాట. రెండు టన్నులు లేపుతుందని వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది వెనక లిఫ్ట్ సంగతి. బ్రోచర్‌లో లిఫ్టింగ్ కెపాసిటీ 1,800 కిలోలనో 2,000 కిలోలనో రాసేది వెనక మూడు లింకుల దగ్గర ఎత్తే బరువు. రోటవేటర్, కల్టివేటర్ ఎత్తడానికి ఆ లెక్క. ముందు లోడర్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. ముందు ఎంత ఎత్తగలమన్నది తేల్చేవి మూడు: ముందు యాక్సిల్, లోడర్‌కు నూనె పంపే పంపు, వెనక ఉన్న బరువు. హార్స్‌పవర్ వీటన్నిటి తర్వాత వస్తుంది.

ముందు యాక్సిల్ లెక్క ఒకసారి కాగితం మీద వేద్దాం. మీ పాత బండి లాంటిదే తీసుకోండి. మొత్తం బరువు 2,000 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 800, వెనక 1,200. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం రెండు మీటర్లు. బకెట్ మధ్యభాగం ముందు యాక్సిల్ కంటే మీటరున్నర ముందుకు ఉంటుంది. ఇప్పుడు బకెట్‌లో 500 కిలోల బరువు వేస్తే ముందు యాక్సిల్ మీద పడేది 500 కాదు, 875. ఆ ఎక్కువైన 375 కిలోలు వెనక చక్రాల మీదినుంచి ఎగిరిపోయి ముందుకు వచ్చినవే. లోడర్ చట్రం, బకెట్ కలిపి ఇంకో 400 కిలోలు ఉంటాయి కదా, దాని వల్ల ముందు మరో 500 పెరుగుతుంది, వెనక వంద తగ్గుతుంది. మొత్తం కూడితే 800 కిలోలు మోయాల్సిన యాక్సిల్ మీద దాదాపు 2,175 కిలోలు. ఇది బండి కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. గుంతలో పడి ఎగిరినప్పుడు ఇంకా ఎంతో ఎక్కువ. బేరింగులు ఏటా పోవడంలో వింతేముంది?

అందుకే మీ అబ్బాయి మాట నేను సమర్థిస్తాను. అయితే ఫోర్ వీల్ డ్రైవ్ అనగానే అందరూ బురదలో లాగే బలం గురించే ఆలోచిస్తారు. లోడర్ వాళ్లకు అది రెండో లాభం. మొదటిది, ఫోర్ వీల్ బండి ముందు యాక్సిల్ లోపల గేర్లు, షాఫ్టులు ఉండే బరువైన పోత డబ్బా. టూ వీల్ బండికి ఉండే పలచటి బీమ్‌తో దానికి పోలికే లేదు. ముందు టైర్లు కూడా 6.00×16 కాకుండా 8.00×18 లాంటి పెద్ద సైజువి వస్తాయి.

మూడో లాభం గురించి షోరూంలో ఎవరూ చెప్పరు. ట్రాక్టర్ బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. పై లెక్కలో వెనక మిగిలిన బరువు ఎంత? 1,200లోంచి 375, మరో వంద తీసేస్తే 725 కిలోలు. నిండు బకెట్‌తో చెరువు కట్ట దిగుతూ బ్రేక్ తొక్కితే వెనక చక్రాలు ఆగిపోయి జారుతాయి, బండి మాత్రం ఆగదు. ఫోర్ వీల్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా గేర్లతో కలిసి ఉంటాయి కాబట్టి, బరువు ఎక్కడ ఉందో అక్కడే బ్రేక్ పనిచేస్తుంది. వాలులో నిండు బకెట్‌తో ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు రివర్స్‌లో రావాలన్న నియమం కూడా ఇందుకే. బరువున్న వైపు ఎప్పుడూ ఎత్తు వైపే ఉండాలి.

ఫోర్ వీల్ తీసుకుంటే రెండు అలవాట్లు చేసుకోవాలి. తారు రోడ్డు మీద ఉత్త ట్రాలీతో పోతూ ఫోర్ వీల్ లివర్ వేసి ఉంచకూడదు. ముందు చక్రాలు వెనకవాటికంటే కొద్దిగా వేగంగా తిరిగేలా చేసి ఉంటారు, నేల గట్టిగా ఉంటే ఆ తేడా టైర్లనూ గేర్లనూ తినేస్తుంది. ముందు టైర్లు మార్చేటప్పుడు సైజు మారిస్తే కూడా ఇదే గొడవ. రెండోది దమ్ము గురించి. బురదలో దిగాక ముందు హబ్ సీళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి. ప్రతి నాట్ల సీజన్ అయ్యాక హబ్ కింది బోల్టు కొద్దిగా వదులు చేసి నాలుగు చుక్కలు చేతిలో పట్టి చూడండి. నూనె నూనెలా ఉంటే సరే. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టే, ఆ వారంలోనే సీలు, నూనె మార్పించాలి. ఇది వదిలేసిన వాళ్లే ‘ఫోర్ వీల్ మన నేలలకు పనికిరాదు’ అని ఊరంతా చెప్తుంటారు.

వెనక బరువు గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. మీ పాత బండికి కట్టలేదేమో. అసలు లోడర్ కొన్నవాళ్లలో చాలామంది కట్టరు. వెనక లింకులకు ఒక ఇనుప పెట్టె పెట్టి, అందులో కాంక్రీటు పోసి 400 కిలోలు చేశారనుకోండి. అది వెనక యాక్సిల్‌కు మీటరు దూరంలో ఉంటే వెనక చక్రాల మీద 600 కిలోలు పెరుగుతుంది, ముందు యాక్సిల్ మీద 200 తగ్గుతుంది. ముందు చక్రాలకు కట్టే బరువులు ఇందుకు పనికిరావు, అవి ఉన్న కష్టాన్ని పెంచుతాయి. వెనక టైర్లలో నీళ్లు పట్టించడం ఇంకో దారి. 13.6×28 టైరులో ముప్పావు వంతు నింపితే దాదాపు 180 లీటర్లు పడతాయి, రెండు టైర్లకు కలిపి 360 కిలోలు. కానీ ఆ బరువు వెనక యాక్సిల్ మీదే ఉంటుంది, పెట్టెలా ముందు బరువును తగ్గించదు. పైగా దమ్ముకు ముందు ఆ నీళ్లు తీసేయాలి, లేకపోతే బండి మడిలో కూరుకుపోతుంది. మీలా దమ్మూ లోడరూ రెండూ ఒకే బండితో చేసేవాళ్లకు కాంక్రీటు పెట్టే మేలు. పిన్నులు తీస్తే చాలు, పక్కన పెట్టేయొచ్చు.

ఇక ఎన్ని హెచ్‌పీ? మీ పొలానికి 45 నుంచి 50 మధ్య సరిపోతుంది. 55 వద్దంటాను. ఆరడుగుల రోటవేటర్ 45–50 హెచ్‌పీ బండి హాయిగా తిప్పుతుంది, నాలుగున్నర ఎకరాల దమ్ముకు అంతకంటే అక్కర్లేదు. పైగా 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. అంటే ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ సిస్టమ్, సెన్సర్లు, పొగను శుద్ధి చేసే ఏర్పాట్లు, వాటితోపాటు పెరిగిన ధర. మంచి టెక్నాలజీయే, కాదనను. కానీ మీకు అవసరం లేని ఐదు హార్స్‌పవర్ కోసం, ఊళ్లో మెకానిక్ చేతికి అందని ఇంజన్ ఎందుకు? చాలా కంపెనీలు తమ మోడళ్లను 50 లోపే ఉంచడానికి కారణం కూడా ఇదే.

మరీ చిన్న బండి తీసుకోవచ్చా అని ఎవరైనా అడగొచ్చు. 27 హెచ్‌పీ ఫోర్ వీల్ మినీ ట్రాక్టర్లు బత్తాయి తోటలో బ్రహ్మాండంగా తిరుగుతాయి. మూడు టన్నుల ట్రాలీతో గట్టెక్కడం, ఆరడుగుల రోటవేటర్‌తో దమ్ము, ఈ రెండూ మాత్రం వాటి వల్ల కాదు. మీకు ఒకే బండి కావాలి కాబట్టి అది కుదరదు.

45–50 మధ్య ఫోర్ వీల్‌లో దొరికేవాటిలో కుబోటా ఎంయూ 4501, జాన్ డీర్ 5050 డి, స్వరాజ్ 744 ఎఫ్ఈ లాంటివి చూడండి. వీటిలో ఇదే కొనండి అని చెప్పను. ఒకే మోడల్‌లో స్టీరింగ్, క్లచ్, గేర్‌బాక్స్ వేరువేరుగా ఉండే రకాలు వస్తాయి, ఒక రకంలో ఉన్నది ఇంకో రకంలో ఉండదు. మీ ఇంటి నుంచి గంటలోపు స్పేర్ పార్టులు తెచ్చుకోగల డీలర్ ఎవరో చూసుకుని, అతని దగ్గర ఉన్న బండికి ఈ కింది పరీక్ష పెట్టండి.

పవర్ స్టీరింగ్ తప్పనిసరి, దాని మీద చర్చే లేదు. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు ఉండాలి. ఆ తర్వాత షటిల్ గేర్ గురించి అడగండి. మూడు టన్నుల ట్రాలీని 250 కిలోల బకెట్‌తో నింపాలంటే 12 బకెట్లు. ఒక్కో బకెట్‌కు కుప్పలోకి ముందుకు, వెనక్కి, ట్రాలీ వైపు ముందుకు, మళ్లీ వెనక్కి. అంటే ఒక్క ట్రాలీకి 48 సార్లు దిశ మారాలి. మామూలు గేర్‌బాక్స్‌లో ప్రతిసారీ బండిని పూర్తిగా ఆపి, గేర్ లివర్‌ను ఒక వరసలోంచి ఇంకో వరసలోకి తోయాలి. తొందరలో ఎవరూ పూర్తిగా ఆపరు, గేర్ కర్రుమంటుంది, క్లచ్ సగం తొక్కి లాగించేస్తారు, ప్లేటు అరుగుతుంది. సింక్రో షటిల్ ఉంటే ముందుకూ వెనక్కీ ఒకే లివర్, పళ్లు కొట్టుకోకుండా పడుతుంది. మీరు రోజూ సైలేజ్‌కు వాడే మాట నిజమైతే, షటిల్ ఉన్న రకానికి కాస్త ఎక్కువైనా పెట్టండి. డ్యూయల్ క్లచ్ (బండి ఆగినా రోటవేటర్ తిరుగుతూ ఉండేలా చేసేది) గురించి షోరూంలో గొప్పగా చెప్తారు. అది రోటవేటర్‌కు మంచిదే, లోడర్‌కు దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

హైడ్రాలిక్స్‌లో రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఎంత బరువు లేస్తుందన్నది నూనె ఒత్తిడి తేలుస్తుంది, ఎంత త్వరగా లేస్తుందన్నది నిమిషానికి పంపు ఎన్ని లీటర్లు ఇస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. లోడర్‌ను పైకెత్తే రెండు జాకీలు నిండడానికి సుమారు నాలుగున్నర లీటర్ల నూనె కావాలనుకుంటే, నిమిషానికి 30 లీటర్లు ఇచ్చే పంపుతో తొమ్మిది సెకన్లు పడుతుంది. ఇంజన్ స్లో మీద ఉంటే పంపు కూడా నెమ్మదిస్తుంది కాబట్టి అదే పనికి రెట్టింపు సమయం. కొన్ని లోడర్లకు ట్రాక్టర్ నూనె కాకుండా సొంత ట్యాంకు, సొంత పంపు వస్తాయి. ఆ పంపును పీటీఓకు, అంటే రోటవేటర్‌ను తిప్పే వెనక షాఫ్టుకు, తగిలిస్తే రోటవేటర్ కట్టాలన్నప్పుడల్లా విప్పాలి. ఎక్కడ తగిలిస్తున్నారో కొనకముందే చూడండి. ట్రాక్టర్ నూనెతోనే నడిచేదైతే డబుల్ యాక్టింగ్ వాల్వులు (జాకీని రెండు వైపులా నూనెతో తోసేవి) రెండు కావాలి, ఒకటి చేతులు ఎత్తడానికి, ఒకటి బకెట్ వంచడానికి. మీ ట్రాలీకి జాకీ ఉంటే దానికి మరొకటి.

ఇప్పుడు ఆ 3 లక్షల 40 వేలూ 1 లక్ష 90 వేల సంగతి. మీ క్లచ్ హౌసింగ్ ఎందుకు చీలిందో తెలిస్తే తేడా దేనికో అర్థమవుతుంది. లారీకి ఉన్నట్టు ఈ ట్రాక్టర్లకు కింద చట్రం ఉండదు. ఇంజన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఇవన్నీ బోల్టులతో ఒకదానికొకటి బిగించి ఉంటాయి, అదే బండి వెన్నెముక. లోడర్ స్తంభాలను ఇంజన్ పక్కనో, క్లచ్ హౌసింగ్ బోల్టులకో మాత్రమే బిగిస్తే, బకెట్ బరువు లేచిన ప్రతిసారీ ఆ వెన్నెముకను అక్కడే వంచుతుంది. అది పోత ఇనుము, వంగదు, చీలుతుంది. సరైన లోడర్‌కు రెండు పక్కలా పొడవాటి దూలాలు ఉంటాయి. ముందు సపోర్టు నుంచి మొదలై వెనక యాక్సిల్ హౌసింగ్ దాకా పోతాయి, బరువు మొత్తం బండి మీద సర్దుకుంటుంది. కాబట్టి కంపెనీదా వర్క్‌షాప్‌దా అని కాదు, బండి కింద వంగి చూడండి. దూలాలు వెనక యాక్సిల్ దాకా ఉన్నాయా, మధ్యలోనే ఆగిపోయాయా? ఆగిపోతే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఒకటి మాత్రం కంపెనీ లోడర్ వైపే మొగ్గుతుంది. బయట లోడర్ కట్టిస్తే ముందు యాక్సిల్, క్లచ్, హౌసింగ్‌లకు వారంటీ ఇవ్వం అని చెప్పే డీలర్లు ఉన్నారు. ఈ లోడర్ కట్టినా వారంటీ ఉంటుందని నోటి మాటగా కాదు, డీలర్ లెటర్‌హెడ్ మీద ముద్ర వేయించి తీసుకోండి. ముందు యాక్సిల్ గరిష్ఠంగా ఎంత బరువు మోయొచ్చో కంపెనీ చెప్పిన అంకె కూడా అందులోనే రాయించండి. సేల్స్‌మన్‌కు ఆ అంకె తెలియకపోతే కంపెనీ ఇంజనీర్‌కు ఫోన్ చేసి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ బండి లోడర్ కోసం చేసింది కాదనే అనుకోండి.

షోరూం అంకెలు నమ్మకం కలగకపోతే సర్కారు అంకెలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టులు ఇస్తుంది. పీటీఓ దగ్గర నిజంగా ఎంత పవర్ వచ్చింది, ముందు యాక్సిల్ మీద ఎంత బరువు, వెనక ఎంత, ఎంత జాగాలో తిరుగుతుంది, అన్నీ అందులో ఉంటాయి. ఆ బరువులు తీసుకుని పైన నేను వేసిన లెక్క మీ బండికి మీరే వేసుకోవచ్చు. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కూడా ఇలాంటి కేంద్ర సంస్థే ఉంది, అక్కడ రైతులకు ట్రాక్టర్ నడపడం, మరమ్మతులపై శిక్షణ ఇస్తారు. మీ అబ్బాయిని పంపితే మంచిది.

డెమో తప్పకుండా అడగండి, షోరూం వెనక ఖాళీ జాగాలో కాదు, మీ పెంటకుప్ప దగ్గరే. ముందు టేపు పెట్టి మీ ట్రాలీ తలుపుల పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. లోడర్ కాగితంలో 2.7 మీటర్ల ఎత్తు అని రాస్తారు. అది బకెట్ పిన్ను దాకా కొలిచింది. బకెట్ వంచినప్పుడు దాని పెదవి అంతకంటే అరమీటరు పైగా కిందికి వేలాడుతుంది. ఆ మిగిలిన ఎత్తు మీ ట్రాలీ అంచు కంటే ఎక్కువ ఉంటేనే లోడ్ చేయగలరు. తర్వాత బకెట్ నింపి నడుం ఎత్తుకు లేపి, ఇంజన్ ఆపేయమనండి. జాకీ కడ్డీ మీద సుద్దతో గీత పెట్టి పది నిమిషాలు టీ తాగి రండి. గీత బాగా కదిలిందంటే సీలో వాల్వో నూనె వదులుతోంది. కొత్త లోడర్‌లో అలా ఉండకూడదు. ఆ పది నిమిషాలూ బకెట్ కిందికి ఎవరినీ, ముఖ్యంగా పిల్లల్ని, వెళ్లనివ్వకండి. చివరగా లోడర్‌ను పూర్తిగా విప్పి, మళ్లీ తగిలించమనండి, మీ ముందే. ఇద్దరు మనుషులు ఇరవై నిమిషాల్లో విప్పగలిగితే దమ్ముకు ముందు మీరు విప్పుతారు. అరపూట పట్టేదైతే విప్పరు, లోడర్‌తోనే మడిలోకి దింపుతారు. ముందు బరువు బురదలో దిగబడి, ఆ సీళ్లన్నీ పాడయ్యేది అప్పుడే. నన్నడిగితే డెమోలో అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే.

బకెట్ సైజు దగ్గర కూడా ఆశపడొద్దు. పావు ఘనమీటరు బకెట్‌లో పచ్చి పేడ 200–250 కిలోలు పడుతుంది, అదే బకెట్‌లో తడి ఇసుక 400 దాటుతుంది. ‘పెద్దది వేయించుకోండి, రెండు ట్రిప్పుల పని ఒక్క ట్రిప్పులో అయిపోద్ది’ అని వర్క్‌షాప్ వాళ్లు అంటారు. పేడకు సరిపోయిన పెద్ద బకెట్‌తో ఎవరో ఒకరు ఒకనాడు ఇసుక ఎత్తక మానరు. తోటలో బకెట్ మీద మనిషిని నిలబెట్టి బత్తాయిలు కోయించే అలవాటు కూడా కొన్ని చోట్ల ఉంది. హోస్ పైపు ఒక్కటి పగిలితే ఆ మనిషి కింద పడతాడు. వద్దే వద్దు.

డబ్బు విషయంలో ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీకు చెప్పిన ధర ఎప్పటిదో అడగండి. లోడర్‌ను బిల్లులో వేరే లైన్‌గా, దాని పన్ను విడిగా చూపించమనండి, అప్పుడే కంపెనీ లోడర్ ధరనూ వర్క్‌షాప్ ధరనూ నిజంగా పోల్చగలరు. లోను ఆరు నెలల కిస్తీల్లో పెట్టించుకుంటే వడ్లు అమ్మిన డబ్బుతో కట్టుకోవచ్చు. వేరేవాళ్ల మట్టి పనికి కిరాయికి తిప్పి కిస్తీలు కట్టేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. వ్యవసాయానికి రిజిస్టర్ చేసిన బండిని అలా తిప్పుతూ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

పాత బండిని ఎక్స్ఛేంజ్‌లో ఇస్తారు కదా. లోడర్ విప్పేసి ఇనుము కింద వేరుగా అమ్మండి, లోడర్ ఉన్న బండి అనగానే ముందు యాక్సిల్ అరిగి ఉంటుందని కొనేవాడు ధర తగ్గిస్తాడు. క్లచ్ హౌసింగ్ చీలికకు వెల్డింగ్ పెట్టి, రంగు వేసి ఇచ్చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పోత ఇనుము వెల్డింగ్ ఆ చోట ఆగదు, ట్రాలీతో రోడ్డు మీద ఉండగా బండి రెండుగా విడిపోతే కొన్నవాడి ప్రాణం మీదికి వస్తుంది. హౌసింగ్ మార్పించి అమ్మండి, లేదా చీలిక చూపించి ఆ మేరకు తగ్గించుకోండి. 2006 బండి కాబట్టి 15 ఏళ్ల ఆర్సీ గడువు 2021లోనే అయిపోయి ఉంటుంది. అప్పుడు రెన్యువల్ చేయించారో లేదో, పాత లోను హైపోతికేషన్ (బండి తాకట్టులో ఉందన్న నమోదు) ఆర్సీ కార్డు మీదినుంచి తీయించారో లేదో ఇవాళే బీరువాలోంచి తీసి చూడండి. షోరూంలో ఎక్స్ఛేంజ్ ధర చెప్పే ముందు మొదట అడిగే కాగితాలు అవే.